ది లాస్ట్ ఎయిర్‌బెండర్ (2010) మళ్లీ చూశాక: ఈ సినిమా అసలు ఎక్కడ దెబ్బతింది?

హన్మకొండ_చౌరస్తా

ఈ సినిమాను తిట్టడం ఇప్పుడు ఒక అలవాటైపోయింది. ఎందుకు బాగాలేదో చెప్పమంటే మాత్రం అందరూ అవే నాలుగు మాటలు చెప్తారు: యాక్టింగ్ లేదు, పేర్లు తప్పుగా పలికారు, త్రీడీ బాగాలేదు, డైరెక్టర్ శ్యామలన్‌కు ఇది చేతకాలేదు. మొన్న మా అక్క కూతురు ఈ సినిమాకు మూలమైన 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' కార్టూన్ మూడు సీజన్లూ పూర్తి చేసి "మామా, దీనికి సినిమా కూడా ఉందట కదా" అని అడిగితే, పక్కన కూర్చుని మొత్తం మళ్లీ చూశాను. ఈసారి నాకు ఒక్క విషయం బాగా పట్టింది. ఈ సినిమాలో హీరో ఆంగ్ పిల్లాడు కాదు.

కార్టూన్ మొదటి ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. వందేళ్లు మంచుగడ్డలో ఉండి కళ్లు తెరిచిన పన్నెండేళ్ల పిల్లాడు తనను బయటికి తీసిన కటారా అనే అమ్మాయిని అడిగే మొదటి మాట ఏంటి? నాతో పెంగ్విన్ల మీద జారుడాట ఆడతావా అని. లోకం తలకిందులైపోయింది, వాడి మనుషులు ఒక్కరూ మిగల్లేదు, ఆ సంగతి వాడికింకా తెలియదు. అందుకే ఆ ఆట చూస్తుంటే మనకు లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. సినిమాలో వాడు లేచిన దగ్గర్నుంచి ముఖం దిగాలుగా పెట్టుకునే ఉంటాడు. నవ్వే పిల్లాడు ఏడిస్తే మనమూ ఏడుస్తాం. మొదటి నుంచీ ఏడుపు ముఖమే అయితే ఇక మనకు పోయేదేముంది?

పారిపోయిన కారణం కూడా మార్చేశారు. సినిమాలో అవతార్‌కు, అంటే గాలి, నీరు, భూమి, నిప్పు నాలుగు విద్యలూ నేర్వగల ఒకే ఒక్కడికి, కుటుంబం ఉండకూడదని పెద్దలు చెప్పారు కాబట్టి పారిపోయానంటాడు. కార్టూన్‌లో సంగతి చాలా చిన్నది, కానీ గట్టిగా తగులుతుంది. నువ్వు అవతార్‌వి, నీతో ఆడితే మాకు అన్యాయమని దోస్తులు ఆటలోంచి తీసేస్తారు. ఆ తర్వాత వాణ్ణి పెంచిన గ్యాట్సో గురువు దగ్గర్నుంచి వేరే గుడికి పంపించాలని పెద్దలు నిర్ణయిస్తారు. ఆటలోంచి తీసేయడం ఎలా ఉంటుందో ప్రతి పిల్లాడికీ తెలుసు. పెళ్లి, సంసారం ఉండవంటే పన్నెండేళ్ల పిల్లాడికి ఏం అర్థమవుతుంది?

నోవా రింగర్ టైక్వాండో నేర్చుకున్న అబ్బాయి, అతనికిదే మొదటి సినిమా. అతని ఒళ్లు ఎంత తేలిగ్గా కదులుతుందో చూడండి. తప్పు ఆ పిల్లాడిది కాదు. వాడికి ఆడుకునే సీన్ ఒక్కటైనా రాసుంటే సినిమా వేరేగా ఉండేదని నా నమ్మకం. మీరేమంటారు?

కాజీపేట_జంక్షన్

అన్నా, నువ్వన్నదాంట్లో నిజముంది, కాకపోతే దాని వెనకాల ఇంకో కారణముంది. టైము. సినిమాకు తీసుకున్న మొదటి సీజన్ 20 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 23 నిమిషాలు, అంటే ఏడున్నర గంటల పైనే. సినిమా 103 నిమిషాలు. ఆడుకునే సీనుకు చోటెక్కడిది? కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు నడిపించేశారు. యువరాణి యూయే, కటారా అన్న సోకాల ప్రేమ సంగతే చూడు. వాళ్లిద్దరూ దగ్గరవడం మనం చూడం. మా అన్న, యువరాణి వెంటనే స్నేహితులైపోయారని కటారా గొంతు వెనక నుంచి చెప్తుంది, అంతే. ఆ తర్వాత ఆ అమ్మాయి చంద్రుడి ఆత్మను బతికించడానికి ప్రాణమిస్తే మనకు కన్నీళ్లు రావాలంటారు. ఎలా వస్తాయి? ఆమె ఎవరో మనకు తెలిస్తే కదా.

ఇంకో మాట. ఈ సినిమా డబ్బుల దగ్గర అందరూ అనుకున్నంత ఘోరంగా పోలేదు. బడ్జెట్ 150 మిలియన్ డాలర్లు, ప్రపంచం మొత్తం మీద 319 మిలియన్ల దాకా వచ్చాయి. పబ్లిసిటీ ఖర్చులు, థియేటర్ల వాటా తీసేస్తే మిగిలేది పెద్దగా ఉండదు కానీ, జనం టికెట్ కొని వెళ్లారన్నది మాత్రం నిజం. కార్టూన్ మీద ప్రేమతోనే వెళ్లారు. ఆ ప్రేమ మొత్తం ఒక్క సినిమాతో కరిగిపోయింది. చివర్లో, లోకం మీద యుద్ధానికి దిగిన ఫైర్ నేషన్ రాజు (ఫైర్ లార్డ్) ఓజాయ్ తన కూతురు అజులాకు పని అప్పజెప్పే సీన్ పెట్టి రెండో భాగానికి దారి వేసుకున్నారు. ఆ రెండో భాగం రానే లేదు.

బొగ్గుబాయి_బిడ్డ

మాది భూపాలపల్లి, నాయిన బొగ్గుబాయిలో పనిచేసిండు. అందుకే కార్టూన్‌లో ఒక ఎపిసోడ్ నాకు మస్తు ఇష్టం, సినిమాలో దాన్ని ఏం చేశారో చూసి అంతే కోపమొచ్చింది. ఇది కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

మట్టిని, రాళ్లను కదిలించే విద్య ఉన్న ఎర్త్‌బెండర్లను ఫైర్ నేషన్ వాళ్లు బంధించిన కథ అది. కార్టూన్‌లో జైలు ఎక్కడ పెట్టారు? సముద్రం మధ్యలో, మొత్తం ఇనుముతో కట్టిన కట్టడం మీద. చుట్టూ నీళ్లు, కాళ్ల కింద ఇనుము. మట్టి లేదు, రాయి లేదు, కాబట్టి వాళ్ల విద్య పనికిరాదు. శత్రువు ఎంత తెలివైనవాడో ఆ ఒక్క ఏర్పాటుతో తెలిసిపోతుంది. లోపలున్నవాళ్లేమో ఆశ వదిలేసుకుని, గిన్నెలో పోసింది తిని, తలదించుకుని కూర్చుంటారు. కటారా నిలబడి లేవండి, పోరాడండి అని మాట్లాడితే ఒక్కరూ కదలరు. ఆ మౌనం ఉంది చూశారా, పిల్లల కార్టూన్‌లో అంత బరువైన మౌనం ఇంకెక్కడా చూడలే.

అప్పుడు ఆంగ్‌కు పైకి లేచే పొగ కనిపిస్తుంది. ఈ ఇనుప కట్టడం నడవాలంటే కింద బొగ్గు మండాలి కదా. బొగ్గు అంటే భూమిలోంచి వచ్చిందే. ఆంగ్ గాలితో కింద నుంచి బొగ్గంతా గుట్టగా పైకి తెస్తాడు. అయినా ఎవరూ కదలరు! జైలు అధికారి నవ్వి వెనక్కి తిరుగుతాడు. అప్పుడు ఒక చిన్న బొగ్గు ముక్క వచ్చి వాడి తలకు వెనక నుంచి తగులుతుంది. ఆ తర్వాతే అందరూ లేస్తారు. ఫైర్ నేషన్ తన ఓడలకు, యంత్రాలకు మండించుకునే బొగ్గే బందీల చేతికి ఆయుధమైంది. మా సింగరేణి ఊళ్లలో పెరిగిన ఎవరికైనా ఇది వేరే చెప్పాల్సిన పనిలేదు.

సినిమాలో? అదే మనుషుల్ని మట్టి, రాళ్లు నిండిన లోయలో బంధించారు. చుట్టూ కొండలే. ఆంగ్ వచ్చి మీ కాళ్ల కిందే భూమి ఉంది కదా అని చెప్తే అప్పుడు గుర్తొచ్చి కొట్లాటకు దిగుతారు. అంటే అన్నాళ్లూ ఏం చేసినట్టు? ఆశ పోవడం వేరు, కాళ్ల కిందేముందో తెలియకపోవడం వేరు. ఆ మనుషుల పరువే తీశారు. టైము లేక ఇలా చేశారంటే నేను ఒప్పుకోను. జైలును సముద్రంలో పెట్టినా, లోయలో పెట్టినా పట్టే నిమిషాలు అవే.

కొత్తవాడ_కుర్రోడు

బొగ్గు ముక్క సీన్ గుర్తు చేసినందుకు థాంక్స్ అన్నా. ఈ పూట మళ్లీ చూస్తా.

పేరిణి_పాదం

అదే లోయ సీన్ గురించి నేనొక మాట చెప్తాను. హనుమకొండలో పిల్లలకు పేరిణి నాట్యం నేర్పిస్తాను, కాబట్టి నా కళ్లు ముందు కాళ్ల మీదికే పోతాయి.

ఆరుగురు మనుషులు వరుసగా నిలబడి, కాళ్లు నేలకేసి కొట్టి, చేతులు తిప్పి, కలిసికట్టుగా పెద్ద అడుగులు వేస్తారు. అదంతా అయ్యాక ఒక చిన్న రాయి మెల్లగా తెర మీద ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తేలుతూ పోతుంది. ఇంటర్నెట్‌లో అందరూ నవ్వుకునే ముక్క ఇదే. ఆ రాయి ఆరుగురిదీ కాదు, చివర్లో ఉన్న ఒక్కడిదే అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఉండొచ్చు. కానీ ఎవరి అడుగుకు ఏ రాయి లేచిందో చూసేవాళ్లకు తెలియకపోతే అక్కడ నాట్యమే విఫలమైనట్టు.

పేరిణిలో పాదం నేలను తాకిన క్షణానికే మద్దెల దెబ్బ పడాలి. రవ్వంత వెనకబడినా చూసేవాడికి ఆ అడుగులో బలం కనపడదు, కాళ్లు ఎంత గట్టిగా కొట్టినా సరే. రామప్ప గుడి శిల్పాల్లో ఆ భంగిమలు చూడండి, కదలిక లేని రాతిలో కూడా బరువు ఏ కాలి మీదుందో స్పష్టంగా తెలుస్తుంది. జాయపసేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాస్తే, ఆ పుస్తకాన్నీ ఈ శిల్పాలనూ పట్టుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. కదలికలో తర్కం లేకపోతే అది సాధ్యమయ్యేదా?

కార్టూన్ చేసినవాళ్లు ఈ తర్కాన్ని గౌరవించారు. నాలుగు విద్యలకు నాలుగు చైనా యుద్ధకళలు తీసుకున్నారు. నీటికి తాయ్ చీ, భూమికి హుంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావోలిన్, గాలికి బాగువా. గాలి విద్యలో ఎదుటివాడి చుట్టూ గుండ్రంగా తిరుగుతారు, భూమి విద్యలో కాళ్లు నేలలో పాతుకుని ఉంటాయి. ఒక కదలిక, దానికి వెంటనే ఒక ఫలితం. మాట లేకుండా కూడా ఎవరిది ఏ విద్యో చెప్పేయొచ్చు. సినిమాలో నాలుగైదు కదలికలు అయ్యాక గాని ఏదీ జరగదు, ఆలోగా శత్రువులు నిలబడి చూస్తూ ఉంటారు. చౌరస్తా తమ్ముడూ, నువ్వు పిల్లాణ్ణి తీసేశారన్నావు. నేనైతే ఒళ్లునే తీసేశారంటాను.

హన్మకొండ_చౌరస్తా

అక్కా, మీరు రాసింది చదివి ఆ సీన్ మళ్లీ పెట్టి చూశాను. మీరన్న ఆ ఆలస్యం ఇప్పుడు ప్రతి ఫైట్‌లోనూ కనపడుతోంది. ఇంకోటి చూడండి, సినిమాలో చాలామంది ఫైర్‌బెండర్లకు నిప్పు పుట్టించడం రాదు. పక్కన దీపమో కాగడానో ఉండాలి, దాంట్లోంచి తీసుకోవాలి. కార్టూన్‌లో నిప్పు వాళ్ల ఊపిరిలోంచి, ఒంట్లోంచి వస్తుంది, వాళ్లంటే భయం పుట్టేది అందుకే. దీపం ఆర్పేస్తే ఓడిపోయే సైన్యం వందేళ్లు లోకాన్ని ఎలా వణికిస్తుంది?

రీలు_పెట్టె

నేను అప్పట్లో వరంగల్‌లో ఒక థియేటర్‌లో ఆపరేటర్‌గా చేశాను. త్రీడీ గురించి నాకు తెలిసింది చెప్తా. ఈ సినిమాను త్రీడీ కెమెరాలతో తీయలేదు, మామూలుగా తీసి తర్వాత త్రీడీకి మార్చారు. 2009 డిసెంబర్‌లో కామెరాన్ అవతార్ వచ్చి ప్రపంచమంతా త్రీడీ పిచ్చి పట్టిన రోజులవి. ఆ కళ్లద్దాలు పెట్టుకుంటే తెర మీది వెలుతురు సగానికి సగం పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పైగా లాంప్ పాతబడిన థియేటర్ అయితే చెప్పనే అక్కర్లేదు. చివరి యుద్ధమంతా రాత్రి పూట కదా. తెర మీద ఏం జరుగుతోందో తెలియక జనం అద్దాలు తీసి చూస్తే బొమ్మ రెండుగా కనపడేది. ఇది డైరెక్టర్ మీద వేసే తప్పు కాదు, కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఆ చీకటినే. ఇప్పుడు ఇంట్లో మామూలు ప్రింట్ చూడండి, ఫోటోగ్రఫీ ఎంత బాగుందో తెలుస్తుంది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడు సినిమాలకు పనిచేసిన ఆండ్రూ లెస్నీ కెమెరా ఇది. గ్రీన్‌లాండ్ వెళ్లి నిజమైన మంచులో తీసిన మొదటి సీన్లు చూడండి, ఆ తెల్లదనంలో కూడా ఎన్ని రంగులున్నాయో.

కొత్తవాడ_కుర్రోడు

మ్యూజిక్ కూడా చెప్పండి సార్. జేమ్స్ న్యూటన్ హోవర్డ్. చివర్లో ఆంగ్ ఆ పెద్ద అలను లేపేటప్పుడు వచ్చే ట్రాక్ నేను ఎగ్జామ్స్ టైంలో రోజూ వినేవాణ్ణి, సినిమా చూడకముందే. మాటలన్నీ ఆగిపోయి మ్యూజిక్ ఒక్కటే నడిచే ఆ నాలుగైదు నిమిషాలు నాకు ఈ రోజుకీ ఇష్టం. సినిమా అంతా అలా ఉండుంటే అనిపిస్తుంది.

గోదారి_ఒడ్డు

అందరూ టెక్నిక్ గురించే మాట్లాడుతున్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది.

శ్యామలన్ పుట్టింది మాహేలో. మన యానాం లాగే అదీ పుదుచ్చేరి కిందికే వస్తుంది. అమెరికాలో పెరిగినా మన మూలాలున్న మనిషి. వాళ్ల కూతురు హాలోవీన్‌కు కటారా వేషం వేసుకుంటానంటే ఆ కార్టూన్ వైపు చూశానని ఆయనే చెప్పాడు. ఎంత మంచి మొదలు! తీరా సినిమాకు వచ్చేసరికి కటారా, సోకా, ఆంగ్ ముగ్గురూ తెల్లపిల్లలు. వాళ్ల చుట్టూ ఉన్న ఊరివాళ్లు మాత్రం ఉత్తర ధ్రువం జనాల్లా ఉంటారు, సొంత ఊళ్లోనే ఆ అన్నాచెల్లెళ్లు పరాయివాళ్లలా కనపడతారు. ఫైర్ నేషన్ వైపు చూస్తే దేవ్ పటేల్, ముంబైలో పుట్టిన ఆసిఫ్ మాండ్వి, ఇరాన్ మూలాలున్న షాన్ టౌబ్, న్యూజీలాండ్ మావోరీ నటుడు క్లిఫ్ కర్టిస్. అంటే గోధుమరంగు ముఖాలన్నీ ఊళ్లు తగలబెట్టే వైపే. ఫైర్ నేషన్ యువరాజు జూకో పాత్రకు ముందు జెస్సీ మెకార్ట్‌నీని అనుకున్నారు, డేట్లు కుదరక దేవ్ పటేల్ వచ్చాడు. అమెరికాలో అభిమానులు సినిమా రాకముందే గట్టిగా నిరసన తెలిపారు, ఉత్తరాలు రాశారు. ఆసియా కథల మీద, ఆసియా యుద్ధకళల మీద కట్టిన లోకంలో ఆసియా పిల్లలకే చోటు లేదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

నాకు అప్పుడు పదేళ్లు. పోస్టర్ మీద మనలాంటి ముఖం ఒకటి కనిపించి సంబరపడ్డాను, లోపలికి పోతే అది విలన్. పిల్లలు ఇలాంటివి గమనించరనుకుంటాం గానీ గమనిస్తారు.

కాజీపేట_జంక్షన్

ఇది ఒప్పుకుంటా. అయితే ఆ సినిమాలో నటన అని చెప్పుకోగలిగింది ఎవరిదైనా ఉంటే అది ఆ వైపు వాళ్లదే. దేవ్ పటేల్ అప్పటికి స్లమ్‌డాగ్ చేసొచ్చిన కుర్రాడు, తర్వాత లయన్‌కు ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు, 2024లో మంకీ మ్యాన్‌తో డైరెక్టర్ కూడా అయ్యాడు. జూకోలో ఉండే ఆ ఉక్రోషం ఇందులోనూ వాడి కళ్లలో ఉంది. షాన్ టౌబ్ జూకో పెదనాన్న ఐరోగా నెమ్మదిగా, మర్యాదగా ఉంటాడు. కార్టూన్ ఐరోలో ఉన్న సరదా రాలేదు గానీ మనిషి మీద గౌరవం కలుగుతుంది.

హన్మకొండ_చౌరస్తా

జూకో పేరు ఎత్తావు కాబట్టి, నాకు అన్నిటికంటే కష్టమనిపించిన సీన్ ఇదే. జూకో, ఐరో బయట కూర్చుని భోజనం చేస్తుంటారు. జూకో ఒక చిన్న పిల్లాణ్ణి పిలిచి, ఫైర్ లార్డ్ కొడుకు గురించి నీకు తెలిసింది చెప్పమంటాడు. ఆ పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్తాడు, తండ్రి కాల్చాడు, వెళ్లగొట్టాడు అని. జూకో గుండెలో ఉన్న గాయం మనకు ఎవరో దారినపోయే పిల్లాడి నోటి నుంచి అందుతుంది. ఆ ముఖం మీద మచ్చ కూడా పరీక్షగా చూస్తే గాని కనపడదు.

కార్టూన్‌లో 12వ ఎపిసోడ్, తుపాను వచ్చే ఎపిసోడ్. అక్కడ గుహలో ఆంగ్ తను ఎందుకు పారిపోయాడో కటారాకు చెప్తుంటాడు, ఇక్కడ ఓడలో జూకో మచ్చ కథను ఐరో సిబ్బందికి చెప్తుంటాడు. రెండు కథలూ ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. కొత్తగా చేరిన సైనికుల్ని ఎరగా వేసి చంపించాలని ఒక సేనాని ప్లాన్ చెప్తే, అది తప్పని నిండు సభలో జూకో అంటాడు. దానికి శిక్షగా ద్వంద్వయుద్ధం. ఎదురుగా సేనాని ఉంటాడనుకుని తిరిగితే తండ్రి నిలబడి ఉంటాడు. పిల్లాడు మోకాళ్ల మీద పడి కొట్లాడనని ఏడుస్తాడు. అప్పుడు కాలుస్తాడు తండ్రి. అది విన్న తర్వాత ఓడ సిబ్బంది జూకోను చూసే చూపు మారుతుంది. మనమూ అంతే. అప్పటిదాకా విలన్ అనుకున్నవాడు ఇంకో దెబ్బతిన్న పిల్లాడు. 23 నిమిషాల్లో చేశారు ఇదంతా. అందుకే టైము సరిపోలేదన్న మాట నాకు పూర్తిగా ఎక్కదు జంక్షన్ తమ్ముడూ, ఈ ఒక్క ఎపిసోడ్‌ను నడుముగా పెట్టుకుని సినిమా కట్టొచ్చు.

కాజీపేట_జంక్షన్

ఈ ఐడియా బాగుంది. మొత్తం 20 ఎపిసోడ్లనూ తాకాలనే ఆశే ముంచింది. కార్టూన్‌లో ఉన్న కియోషీ దీవి యోధురాళ్లను ఎలాగూ తీసేశారు, ఇంకొన్ని తీసేసి ఇదొక్కటి పెట్టుంటే చాలు.

పేరిణి_పాదం

2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సిరీస్ ఇక్కడ కొంత పాఠం నేర్చుకుంది. ఎనిమిది ఎపిసోడ్లు తీసుకున్నారు, ఆసియా మూలాలున్న పిల్లల్ని, అమెరికా ఆదివాసీ పిల్లల్ని పెట్టుకున్నారు. అసలు సృష్టికర్తలు డిమార్టినో, కొనీట్జ్‌కో మధ్యలో తప్పుకోవడం బాధాకరమే. కానీ జూకో కథకు వాళ్లు చేర్చిన ఒక్క మార్పు కార్టూన్ కంటే కూడా నాకు నచ్చింది. ఏ సైనికుల కోసమైతే జూకో సభలో నోరు విప్పాడో, ఆ దళమే ఇప్పుడు అతని ఓడ సిబ్బంది. ఆ సంగతి వాళ్లకు తెలిసి, జూకో ముందు నిలబడి వందనం చేసే సీన్‌లో నేను ఏడ్చాను. అడాప్టేషన్ అంటే అలా ఉండాలి, మూలంలో ఉన్నదాన్నే పట్టుకుని ఇంకో అడుగు లోపలికి పోవాలి.

మీ పిల్లాడి వాదన మాత్రం దానికీ వర్తిస్తుంది తమ్ముడూ. అందులో గోర్డన్ కార్మియర్ ముద్దుగా ఉన్నాడు, నవ్వు కూడా ఉంది, కానీ వాణ్ణి ఆడుకోనివ్వలేదు. మొదటి ఎపిసోడ్ నుంచే బాధ్యత గురించి మాట్లాడిస్తూనే ఉన్నారు.

బొగ్గుబాయి_బిడ్డ

జైలు ఎపిసోడ్‌ను వాళ్లూ పూర్తిగా తీయలేదక్కా. ఆ బొగ్గు సీన్ ఇంకా ఎవరో ఒకరు బాగా తీయాల్సే ఉంది.

గోదారి_ఒడ్డు

మా బాబుకు ఎనిమిదేళ్లు. ఏది ముందు చూపించాలి? సినిమా చూపించొచ్చా అసలు?

హన్మకొండ_చౌరస్తా

కార్టూన్ ముందు, అనుమానమే వద్దు. మొత్తం 61 ఎపిసోడ్లు, తొందరేం లేదు. మొదట్లో కొన్ని మామూలుగా అనిపిస్తే అక్కడే ఆపేయకండి. ఆరోది బొగ్గుబాయి అన్న చెప్పిన జైలు కథ, 12వది తుపాను. ఈ రెండూ బాబు పక్కన మీరు కూర్చుని చూడండి, ప్రశ్నలు అడుగుతాడు. సీజన్ అయ్యాక సినిమా పెట్టండి, త్రీడీ కాకుండా మామూలు ప్రింట్. మా అక్క కూతురైతే మధ్యలో ఆపించి "ఇక్కడ అప్పా ఏడి మామా?" అని అడుగుతూనే ఉంది. ఆంగ్‌ను మోసుకుతిరిగే ఆ ఎగిరే జంతువు సినిమాలో ఎంత తక్కువసేపు కనపడుతుందో అది అడిగేదాకా నేను పట్టించుకోలేదు. మీ బాబు ఏం అడిగాడో ఇక్కడ రాయండి.